చిప్ప ఎంతసేపట్లో బొగ్గవుతుంది: పైరాలిసిస్‌కు లెక్క కట్టే విధానం

అంబాజీపేట చుట్టుపక్కల ఊళ్లలో కొబ్బరి తీసేసిన చిప్పలు గుట్టలుగా పడి ఉంటాయి. మండపేట వైపు వెళ్తే రైస్ మిల్లుల వెనుక ఊక గుట్టలు కనిపిస్తాయి. వీటిని గాలి తగలకుండా వేడి చేస్తే బొగ్గు, తారు, మండే వాయువులు వస్తాయి. ఈ ప్రక్రియకే పైరాలిసిస్ అని పేరు. ఎంత వేడికి, ఎంతసేపటికి, ఎంత బొగ్గు దిగుతుందో ముందుగానే చెప్పగల గణిత నమూనాను సొంతంగా ఎలా తయారు చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. ఇంటర్మీడియట్ స్థాయి భౌతిక, రసాయన శాస్త్రాలు గుర్తుండి, ఎక్సెల్‌లో గానీ పైథాన్‌లో గానీ నాలుగు వరుసలు రాయగలిగితే చాలు.

ఈ పని మొదలుపెట్టేవారిలో చాలామంది నేరుగా రసాయన చర్యల సమీకరణాల మీద పడతారు. నేనూ అలాగే చేశాను. 200 లీటర్ల డ్రమ్ములో ఊక నింపి, చర్యావేగం లెక్క ప్రకారం 450 డిగ్రీల వద్ద కొద్ది నిమిషాల్లో పని అయిపోతుందని తేల్చుకుని, ఎందుకైనా మంచిదని నాలుగు గంటలపాటు బయట నుంచి మంట పెట్టించాను. మర్నాడు చల్లారాక మూత తీసి చూస్తే గోడ పక్కన నాలుగైదు అంగుళాల మేర ఊక నల్లబడింది. లోపల చెయ్యి పెట్టి తీసిన గుప్పెడు ఊక మాత్రం మిల్లులో నుంచి వచ్చినప్పటి పసుపు రంగులోనే ఉంది, పైగా చెమ్మగా ఉంది. నా లెక్కలో రసాయనశాస్త్రం తప్పలేదు. వేడి లోపలికి ఎప్పుడు చేరుతుందన్న ప్రశ్న అసలు లేకపోయింది. ధవళేశ్వరంలో నీరు వదిలిన రోజునే శివారు చేనుకు నీరందదని డెల్టా రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. డ్రమ్ములో వేడి కూడా అంతే: ముందున్న ప్రతి పొరా తన వంతు తీసుకున్నాకే వెనుక పొరకు వదులుతుంది.

ముందు కొలతలు

మొదట వెర్నియర్ కాలిపర్స్ తీసుకుని చిప్ప మందాన్ని కనీసం ఇరవై ముక్కల మీద కొలవండి. సాధారణంగా అది 3 నుంచి 5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఈ వ్యాసంలో 4 మిల్లీమీటర్లుగా తీసుకుంటున్నాను. చిప్పకు రెండు వైపుల నుంచీ వేడి తగులుతుంది కాబట్టి లెక్కలోకి వచ్చే దూరం అందులో సగం, అంటే 2 మిల్లీమీటర్లు. తరువాత తేమ: తూచిన చిప్ప ముక్కలను 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచండి. కురిడీ కొట్టగా వచ్చిన చిప్పకూ, పచ్చి కొబ్బరి తీసిన చిప్పకూ తేమలో చాలా తేడా ఉంటుంది. శ్రావణ మాసపు గాలికి ఆరుబయట పడి ఉన్న చిప్ప సంగతి వేరే చెప్పాలా. రెండింటినీ కలిపి ఒకే సగటు వేయకండి.

మూడోది బూడిద. కొబ్బరి చిప్పలో అది చాలా తక్కువ కాబట్టి పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఊకలో మాత్రం 15 నుంచి 20 శాతం దాకా బూడిదే, అందులోనూ అధిక భాగం సిలికా. బూడిద 18 శాతం ఉన్న ఊక 100 కిలోలు కాలిస్తే 36 కిలోల నల్లటి పదార్థం మిగిలిందని సంతోషపడేవారు, అందులో సగం బూడిదేనని గమనించాలి. బూడిద తీసేసి చూస్తే 82 కిలోల నుంచి వచ్చింది 18 కిలోలు, అంటే 22 శాతం. నమూనా ఇచ్చే అంకెతో పోల్చవలసింది ఈ 22నే.

సాంద్రత, విశిష్టోష్ణం, ఉష్ణవాహకత్వం కూడా కావాలి. చిప్పకు ఘనపు మీటరుకు 1200 కిలోలు, కిలోకు డిగ్రీకి 1.7 కిలోజౌళ్లు, మీటరుకు డిగ్రీకి 0.2 వాట్లు తీసుకుని ప్రారంభించవచ్చు. పదార్థం బొగ్గుగా మారుతున్నకొద్దీ ఈ మూడూ మారతాయి. ప్రస్తుతానికి స్థిరంగా ఉన్నాయనుకుందాం.

చర్య ఎంత వేగంగా జరుగుతుంది

జీవద్రవ్యంలో మూడు ముఖ్య భాగాలుంటాయి. హెమీసెల్యులోజ్ సుమారు 220 నుంచి 315 డిగ్రీల మధ్య, సెల్యులోజ్ 315 నుంచి 400 డిగ్రీల మధ్య ఎక్కువగా విడిపోతాయి. లిగ్నిన్ మాత్రం 160 డిగ్రీల వద్ద మొదలై 900 దాకా నెమ్మదిగా విడిపోతూ ఉంటుంది. కొబ్బరి చిప్పలో లిగ్నిన్ ఎక్కువ, అందుకే అది మంచి బొగ్గునిస్తుంది. మూడింటికీ మూడు సమీకరణాలు రాయవచ్చు. కానీ మొదటి నమూనాకు అంత అవసరం లేదు. పదార్థమంతా ఒకటే అనుకుని, అది ఒకేసారి మూడు దారుల్లో విడిపోయి వాయువుగా, తారుగా, బొగ్గుగా మారుతుందని భావించండి.

ఒక్కో దారి వేగాన్నీ అర్హీనియస్ 1889లో చెప్పిన సూత్రం ఇస్తుంది. ఉత్తేజన శక్తిని వాయు స్థిరాంకం 8.314తోనూ కెల్విన్ ఉష్ణోగ్రతతోనూ భాగించి, రుణ గుర్తు పెట్టి, ఎక్స్‌పొనెన్షియల్ తీసి, పౌనఃపున్య గుణకంతో గుణిస్తే రేటు స్థిరాంకం వస్తుంది. 1981లో థర్నర్, మన్ ఓక్ రంపపు పొట్టు మీద 300 నుంచి 400 డిగ్రీల మధ్య ప్రయోగాలు చేసి ఇచ్చిన విలువలు ఇవి: వాయువుకు గుణకం సెకనుకు 1.44 × 10⁴, ఉత్తేజన శక్తి మోలుకు 88.6 కిలోజౌళ్లు, తారుకు 4.13 × 10⁶, 112.7, బొగ్గుకు 7.38 × 10⁵, 106.5.

ఒక లెక్క చేతితో చేసి చూడండి. 400 డిగ్రీలంటే 673 కెల్విన్. 8.314ను 673తో గుణిస్తే 5595. బొగ్గు దారికి 106500ను 5595తో భాగిస్తే 19.03, దాని రుణ ఎక్స్‌పొనెన్షియల్ 5.4 × 10⁻⁹, దాన్ని 7.38 × 10⁵తో గుణిస్తే సెకనుకు 0.0040. ఇదే విధంగా వాయువుకు 0.0019, తారుకు 0.0074 వస్తాయి. మూడూ కలిపితే 0.0133, దాని విలోమం 75 సెకన్లు. అంటే 400 డిగ్రీల వద్ద ఈ చర్యకు పట్టే కాలం నిమిషం పైచిలుకు. అదే లెక్క 300 డిగ్రీల వద్ద చేస్తే సుమారు 34 నిమిషాలు, 500 వద్ద 6 సెకన్లు వస్తాయి. 500 అన్నది ఆ ప్రయోగాల పరిధి దాటిన ఉష్ణోగ్రత కాబట్టి, ఆ 6ను అంచనాగానే చూడండి.

ఇక్కడే ఒక మెలిక ఉంది, దాన్ని దాటవేయకండి. పై అంకెలతో బొగ్గు వాటా ఎంతో చూస్తే 300 డిగ్రీల వద్ద 30 శాతం, 400 వద్ద 30, 500 వద్ద 29. అంటే ఎంత వేడి పెట్టినా ఒకే బొగ్గు అంటోంది నమూనా. నిదానంగా, తక్కువ వేడి మీద కాలిస్తే బొగ్గు ఎక్కువ దిగుతుందని కాల్చేవారందరికీ తెలుసు. తారుకూ బొగ్గుకూ ఉత్తేజన శక్తులు దగ్గర దగ్గరగా ఉండటమే ఈ మొండితనానికి కారణం. వాయువు సంగతి ఇంకా విచిత్రం: దాని వాటా 25 శాతం నుంచి 9 శాతానికి పడిపోతుంది, కానీ నిజంగా వేడి పెరిగితే వాయువు పెరుగుతుంది. ఎందుకంటే ఆ వాయువులో చాలా భాగం చిప్ప నుంచి నేరుగా వచ్చింది కాదు. బయటికి వచ్చిన తారు ఆవిరి వేడికి మళ్లీ పగిలినది. అందుకే నాలుగో దారి కూడా కలపాలి. తారు వాయువుగా పగలడానికి 1988లో లిడెన్ బృందం ఇచ్చిన విలువలు: గుణకం 4.28 × 10⁶, శక్తి 107.5. వీటి ప్రకారం 500 డిగ్రీల వద్ద తారు సుమారు 4 సెకన్లలోనూ, 600 వద్ద సెకను లోపునూ పగిలిపోతుంది. కాబట్టి తారు ఆవిరి వేడి ప్రదేశంలో ఎంతసేపు నిలుస్తుందన్నది మీ పరికరాన్ని బట్టి మీరే నిర్ణయించి లెక్కలో పెట్టాలి.

మీ చిప్పకే సొంత విలువలు కావాలంటే టీజీఏ పరీక్ష (వేడి పెంచుతూ బరువు ఎలా తగ్గుతుందో గీత గీసే పరీక్ష) చేయించండి. చిప్పను మెత్తగా పొడి చేసి, 5 నుంచి 10 మిల్లీగ్రాములు మాత్రమే తీసుకుని, నైట్రోజన్ వాయువులో నిమిషానికి 5, 10, 20 డిగ్రీల చొప్పున మూడుసార్లు వేడి చేయించాలి. ఒకే వేగంతో చేయించి దాన్నుంచి ఉత్తేజన శక్తి రాబట్టే పొదుపు మంచిది కాదు. శక్తి పెంచి, గుణకం కూడా పెంచితే దాదాపు అదే గీత వస్తుంది కాబట్టి, ఒక్క గీతకు పది జతలు సరిపోతాయి. వాటిలో ఏది నిజమో చెప్పలేం. మూడు వేగాల గీతలు ఉన్నప్పుడు, బరువు అత్యంత వేగంగా తగ్గే ఉష్ణోగ్రత ఎంత జరిగిందో చూసి, కిసింజర్ 1957లో చెప్పిన పద్ధతిలో వాలు తీసి శక్తిని తేల్చవచ్చు. డొక్కను, పీచును పరీక్షించేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. వాటిలో పొటాషియం ఎక్కువ. అది చర్యను తక్కువ వేడికే మొదలుపెట్టించి బొగ్గును పెంచుతుంది. నానితే అది కొంత నీళ్లలోకి పోతుంది కాబట్టి, నీళ్లలో నానిన పీచుకూ, నానని పీచుకూ వేర్వేరు గీతలు వస్తే యంత్రాన్ని అనుమానించకండి.

మూడు కాలాలను పక్కపక్కన పెట్టడం

నా దృష్టిలో మొత్తం పనిలో అసలైన మెట్టు ఇదే, కాగితం మీద పది నిమిషాల్లో అయిపోతుంది కూడా. చర్యకు పట్టే కాలం మీ దగ్గర ఉంది. ఇక వేడి చిప్పలోపల ప్రయాణించే కాలం కావాలి: దూరపు వర్గాన్ని సాంద్రతతోనూ విశిష్టోష్ణంతోనూ గుణించి ఉష్ణవాహకత్వంతో భాగించండి. 2 మిల్లీమీటర్లకు అది సుమారు 40 సెకన్లు. మూడోది వేడి బయట నుంచి చిప్ప ఉపరితలానికి అందే కాలం. 550 డిగ్రీల గోడకు ఎదురుగా ఉన్న చిప్పకు వికిరణం ద్వారా అందే వేడిని స్టెఫాన్-బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం 5.67 × 10⁻⁸తో, ఉద్గారత సుమారు 0.9 అనుకుని లెక్కిస్తే, చిప్ప చల్లగా ఉన్నప్పుడు చదరపు మీటరుకు డిగ్రీకి 45 వాట్లు, 300 డిగ్రీలకు చేరాక 70 వాట్ల చొప్పున వస్తుంది. సగటున 60 అనుకోండి. దూరాన్ని సాంద్రతతోనూ విశిష్టోష్ణంతోనూ గుణించి ఈ 60తో భాగిస్తే ఈ కాలం సుమారు 68 సెకన్లు.

ఇప్పుడు పోల్చి చూడండి. 300 డిగ్రీల వద్ద వేడి అందడానికి నిమిషం, లోపలికి పాకడానికి 40 సెకన్లు, చర్యకు 34 నిమిషాలు. అక్కడ చర్యదే ఆలస్యం. చిప్ప అంతటా ఒకే ఉష్ణోగ్రత ఉందనుకుని ఒక్క అర్హీనియస్ లెక్కతో పని ముగించవచ్చు. 500 వద్ద చర్యకు 6 సెకన్లే కాబట్టి ఆలస్యమంతా వేడిదే. అక్కడ ఉత్తేజన శక్తిలో కొద్దిపాటి తప్పున్నా ఫలితం పెద్దగా మారదు. 400 వద్ద మూడు కాలాలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. చిప్ప బొగ్గు విషయంలో పని జరిగేది సరిగ్గా ఈ మధ్య ప్రాంతంలోనే. అందుకే దేన్నీ వదిలేయకుండా ఉష్ణప్రసారాన్నీ చర్యలనూ కలిపి సాధించవలసి వస్తుంది. చిప్ప బదులు తీరంలో పెరిగే సరుగుడు కర్రను, 4 సెంటీమీటర్ల మందంది తీసుకుంటే లోపలికి పాకే కాలమే 50 నిమిషాల దాకా వస్తుంది; అక్కడ 400 వద్ద కూడా ఆలస్యం వేడిదే.

సమీకరణాన్ని పొరలుగా రాయడం

సగం మందాన్ని, అంటే 2 మిల్లీమీటర్లను, 20 పొరలుగా కోయండి. ప్రతి పొరకూ ఒక ఉష్ణోగ్రత, ఇంకా మిగిలిన ముడి పదార్థం, తయారైన బొగ్గు, మిగిలిన నీరు అనే నాలుగు అంకెలు ఉంటాయి. పొరలో నిలిచే వేడి అంటే బయటి పక్క పొర నుంచి వహనం ద్వారా వచ్చినది, లోపలి పక్క పొరకు పోయినది తీసివేసి, నీరు ఆవిరవడానికి తిన్నది తీసివేసి, చర్యలు ఇచ్చినది కలిపి లేదా తీసుకున్నది తగ్గించి రావలసిన మిగులు. మధ్య పొరకు లోపలి పక్క ఏమీ పోదు, ఎందుకంటే అవతలి సగం కూడా ఇలాగే వేడెక్కుతోంది. బయటి పొరకు మాత్రం గోడ నుంచి వచ్చే వికిరణం, వాయువుల సంవహనం కలపాలి.

నీటిని తేలికగా తీసుకోవద్దు. 30 డిగ్రీల నీటిని కిలో మరిగించి ఆవిరి చేయడానికి సుమారు 2550 కిలోజౌళ్లు కావాలి. కిలో పొడి చిప్పకు 150 గ్రాముల నీరు ఉంటే దానికే 380 కిలోజౌళ్లు ఖర్చు. అదే చిప్పను 30 నుంచి 450 డిగ్రీలకు తేవడానికి 714 చాలు. కాలిక్యులేటర్ మీద ఈ రెండు అంకెలు చూశాక, తడి చిప్పను ఎండబెట్టకుండా డ్రమ్ములో వేయబుద్ధి కాదు. నమూనాలో దీన్ని పెట్టడానికి సులువైన మార్గం: పొర 100 డిగ్రీలకు చేరగానే, అందులోని నీరంతా అయ్యేదాకా వచ్చిన వేడినంతా ఆవిరికే ఖర్చు పెట్టి, ఉష్ణోగ్రతను అక్కడే ఆపేయడం.

చర్యల వేడి విషయంలో ప్రచురిత విలువలు ఒకదానితో ఒకటి పొసగవు. తారు ఆవిరై బయటికి పోవడం వేడిని తీసుకుంటుంది, బొగ్గు ఏర్పడటం వేడినిస్తుంది. పలుచని చిప్పలో మొదట సున్నా పెట్టి నడపండి. మందపు కర్ర లోపల థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) పెడితే, ఒక దశలో మధ్యభాగం ఉపరితలం కన్నా ఎక్కువ వేడెక్కడం కనిపిస్తుంది; అలాంటి పదార్థానికి సున్నా పనికిరాదు.

సాధించడం

ప్రతి క్షణం విలువల నుంచి నేరుగా తరువాతి క్షణం విలువలు కట్టే సులువు పద్ధతి ఎంచుకుంటే, కాలపు అడుగు చిన్నదిగా ఉండాలి. పొర మందపు వర్గాన్ని ఉష్ణ వ్యాప్తి గుణకానికి (వాహకత్వాన్ని సాంద్రత, విశిష్టోష్ణాల లబ్ధంతో భాగిస్తే వచ్చేదానికి) రెట్టింపుతో భాగించగా వచ్చేదాన్ని అడుగు మించకూడదు. 0.1 మిల్లీమీటరు పొరకు అది 0.05 సెకను. మించితే ఉష్ణోగ్రతలు పైకీ కిందికీ ఎగిరి, నాలుగో వరుసకే మైనస్ వేల డిగ్రీలు కనిపిస్తాయి. చూసి బెదరకుండా అడుగు తగ్గించండి. పైథాన్ వాడేవారు సైపై (SciPy) అనే గణిత లైబ్రరీలో, ఇలా చాలా చిన్న అడుగు అడిగే ‘గట్టి’ (stiff) సమీకరణాలకు ఉద్దేశించిన బీడీఎఫ్ (BDF) పద్ధతిని ఎంచుకుంటే ఈ బాధ ఉండదు. కలపలో వేడి పాకడాన్నీ, రసాయన చర్యనూ ఒకే లెక్కలో కలిపి బామ్‌ఫర్డ్, క్రాంక్, మలాన్ 1946లోనే పత్రం ప్రచురించారు. ఆ క్రాంకే మరుసటి సంవత్సరం ఫిలిస్ నికల్సన్‌తో కలిసి ఈ అడుగుల చిక్కును తీర్చే పద్ధతిని ప్రకటించారు, ఇంజనీరింగ్ పాఠాల్లో వారిద్దరి పేర్లతోనే దాన్ని చదువుకుంటాం.

నడిపాక మొదట చూడవలసినది గ్రాఫు అందం కాదు. ముడి పదార్థం, బొగ్గు, తారు, వాయువు కలిపితే ప్రతి క్షణమూ మొదటి పొడి బరువే రావాలి. పొరలను 20 నుంచి 40 చేసినా ఫలితం మారకూడదు. చర్యలన్నీ ఆపేసి నడిపితే చిప్ప గోడ ఉష్ణోగ్రత దగ్గరికి చేరి అక్కడ నిలవాలి. ఈ మూడూ సరిపోయాకే ప్రయోగంతో పోల్చండి.

పోల్చడానికి చిన్న మఫుల్ ఫర్నేసు (ప్రయోగశాలల్లో వాడే మూత కొలిమి), దానిలోకి నైట్రోజన్ పోయే ఏర్పాటు, తూనిక, సన్నని కె-టైపు థర్మోకపుల్ చాలు. చిప్ప అంచు నుంచి సన్నని రంధ్రం చేసి తీగను మధ్యదాకా దూర్చండి. తీగ వదులుగా ఉంటే అది చిప్ప ఉష్ణోగ్రతను కాక ఫర్నేసులోని వాయువు ఉష్ణోగ్రతను చెబుతుంది. నమూనా గీతకూ కొలిచిన గీతకూ తేడా వస్తే, ఉత్తేజన శక్తిని అటూ ఇటూ జరిపి గీతలు కలపాలన్న తొందర పడవద్దు. 100 డిగ్రీల దగ్గరి చదును భాగం కలవకపోతే తప్పు తేమలో ఉంది. దానికి ముందే తేడా మొదలైతే వికిరణంలోనో వాహకత్వంలోనో ఉంది. 300 దాటాక మాత్రమే తేడా వస్తే అప్పుడు చర్యల వైపు చూడండి.

చిప్ప నుంచి డ్రమ్ముకు

ఒక్క చిప్పకు పనిచేసిన నమూనా డ్రమ్ముకు నేరుగా పనిచేయదు, ఎందుకంటే ఇక్కడ దూరం 2 మిల్లీమీటర్లు కాదు, 28 సెంటీమీటర్లు. చిప్పల మధ్య పెద్ద సందులుంటాయి కాబట్టి వేడి వాయువులు వాటి గుండా పారి కొంత సాయం చేస్తాయి. ఊక అలా కాదు. దట్టంగా అమరి గాలిని ఆపేస్తుంది. ఊక గుట్టకు ఘనపు మీటరుకు 110 కిలోలు, వాహకత్వం 0.05, విశిష్టోష్ణం 1.5 కిలోజౌళ్లు తీసుకుని అదే సూత్రం పెడితే పాకే కాలం 72 గంటలు వస్తుంది. స్థూపాకారంలో మధ్యభాగపు ఉష్ణోగ్రత, పెరగవలసిన దానిలో సగమైనా పెరగడానికి ఇందులో ఐదో వంతు, అంటే 14 గంటల పైన కావాలి. నేను పెట్టిన మంట నాలుగు గంటలు! చెమ్మ ఎక్కడిదో కూడా ఇప్పుడు తెలుస్తుంది. గోడ పక్క ఊకలోని నీరు ఆవిరై, కొంత చల్లటి మధ్యభాగానికి పాకి అక్కడే మళ్లీ నీరైంది. ఆవిరి బయటికి మాత్రమే పోతుందని రాసిన ఏ నమూనాలోనూ ఇది కనిపించదు. డ్రమ్ముకు నమూనా కట్టేటప్పుడు ఆవిరికి లోపలి దారి కూడా తెరవండి.

డ్రమ్మును ప్రయోగించేటప్పుడు వేడిగా ఉండగా మూత తీయకండి. లోపల కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ ఉంటాయి, గాలి తగిలితే భగ్గుమంటాయి. పైగొట్టం నుంచి వచ్చే పొగను గడియారంతో గమనించి రాసుకోండి. తెల్లటి ఆవిరి ఎప్పుడు ఆగింది, పసుపు రంగు చిక్కని పొగ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పలచబడింది అన్న మూడు సమయాలు నమూనా చెప్పిన ఎండే దశతోనూ, తారు దశతోనూ సరిపోవాలి.

ఊక డ్రమ్మును తరువాత మళ్లీ కాల్చినప్పుడు మధ్యలో 10 సెంటీమీటర్ల వ్యాసం గల ఇనుప గొట్టం నిలబెట్టి, మంట వాయువులు దాని గుండా కూడా పోయేలా చేశాను. అప్పుడు ఊక పొరకు రెండు వైపుల నుంచీ వేడి అందుతుంది. లెక్కలోకి వచ్చే దూరం 28 నుంచి 11.5 సెంటీమీటర్లకు తగ్గుతుంది. సగం పెరుగుదలకు పట్టే కాలం సుమారు నాలుగున్నర గంటలని నమూనా చెప్పింది. ఏడు గంటలు కాల్చి, మర్నాడు తీసి చూస్తే గొట్టం చుట్టూ, గోడ వెంట అంతా నల్లగా ఉంది. రెండింటికీ సరిగ్గా నడుమ మాత్రం వేలెడు మందాన గోధుమరంగు పొర ఒకటి వలయంలా మిగిలింది.